వాల్ గార్డెనా: స్కీయింగ్ రానివాళ్లకు కూడా

డిసెంబరులో మ్యూనిక్ నుంచి కారేసుకుని బ్రెన్నర్ కనుమ మీదుగా ఆల్ప్స్ కొండల్లోని వాల్ గార్డెనా అనే లోయకి వెళ్లాం, నాలుగు రోజులు. ఇటలీయే కానీ బోర్డుల మీద ఇటాలియన్, జర్మన్, అక్కడివాళ్ల సొంత భాష లాదిన్, మూడూ కనిపిస్తాయి. మా ఇద్దరికీ స్కీయింగ్ రాదు కాబట్టి మాలాంటి వాళ్లకే ముందు చెప్తున్నా, మొదటిరోజే సెల్వా అనే ఊరి వైపు నిట్టనిలువు వాలుల మీదికి పోకండి. ఓర్టిసేయి ఊళ్లో కేబుల్ కారెక్కి ఆల్పే ది సియూసీకి వెళ్లండి. 56 చదరపు కిలోమీటర్ల పచ్చిక మైదానం, చలికాలంలో అంతా మంచే, వాలు తక్కువ, పడ్డా భయం ఉండదు. టీచర్‌ని పెట్టుకోవడం ఖర్చే, కానీ అక్కడ మాత్రం పిసినారితనం వద్దు.

మాకు ఇబ్బంది పెట్టింది అద్దె బూట్లే. ఓ షాపులో కొలవకుండానే ఇచ్చేశారు, వదులుగా ఉన్నాయంటే అలవాటవుతుందన్నారు. మధ్యాహ్నానికల్లా మా ఆవిడ మోకాలి కింద కాలి ముందు భాగం ఒరుసుకుపోయి, సాక్సు తీస్తుంటే కళ్లల్లో నీళ్లొచ్చాయి. నిటారుగా నిలబడితే వేళ్లు బూటు ముందు తగలాలి, మోకాళ్లు వంచితే కాస్త వెనక్కి జరగాలి, మడమ మాత్రం లేవకూడదు. ఇది చూసుకోకుండా షాపు బయట కాలు పెట్టకండి.

ఇక సాస్‌లాంగ్, ఇక్కడి పేరున్న స్కీ పోటీ వాలు. 1969 నుంచి దీని మీద డౌన్‌హిల్, అంటే కొండ మీంచి వేగంగా కిందికి జారే పోటీలు జరుగుతున్నాయి. 2,249 మీటర్ల ఎత్తున మొదలై సాంటా క్రిస్టినా దగ్గర 1,410 మీటర్లకి దిగుతుంది, దాదాపు మూడున్నర కిలోమీటర్లు, రెండు నిమిషాల పని! మధ్యలో ఒంటె మూపురాలని వరస గుట్టలున్నాయి, వాటిని ఒక్క దూకులో దాటేస్తారు, ఆ దూకు మొదట వేసింది 1980లో ఆస్ట్రియా ఆటగాడు ఊలీ ష్పీస్. టీవీలో చూస్తే తేలిగ్గా జారుతున్నట్టుంటుంది. కంచె పక్కన నిలబడితే మనిషి కంటే ముందు చప్పుడొస్తుంది, గట్టిపడ్డ మంచు మీద స్కీ అంచు గీసుకుపోతుంటే తగరపు రేకు చించినట్టు, తల తిప్పేలోపు మనిషి లేడు. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. దానికి రెండు రోజుల ముందే మేం పిల్లలు జారే వాలు మీద వణుక్కుంటూ దిగినవాళ్లం కదా, అదెంత కష్టమో కాళ్లకి తెలుసు.

తిండికి శాకాహారులు పాలకూర, చీజ్ వేసిన క్నోడెల్ (బ్రెడ్డుతో చేసే ఉండలు) అడగండి, వెన్నలో వేడివేడిగా ఇస్తారు. కారం ఉండదు, గోంగూర పచ్చడి సీసా పెట్టుకెళ్లాం కాబట్టి సరిపోయింది. గదులు మాత్రం పోటీ వారానికి చాలా ముందుగా బుక్ చేసుకోండి, మేం ఆలస్యం చేసి లోయ కిందెక్కడో దిగాల్సొచ్చింది.