జెర్సీ నైట్ ఆస్పరాగస్ క్రౌన్లు: కోత మొదలయ్యాక రాస్తున్న రివ్యూ

ఆస్పరాగస్ అంటే లేత కాడలు కోసి తినే, ఏళ్ల తరబడి బతికే మొక్క; క్రౌన్ అంటే నాటడానికి అమ్మే దాని వేళ్ల మొదలు. ఈ క్రౌన్ల మీద రివ్యూలు చాలావరకు పార్సిల్ విప్పిన రోజే రాసేస్తారు. ఆ రోజు చెప్పగలిగేది వేళ్ల గురించి మాత్రమే. ఈ మొక్క సంగతి మూడో ఏడు వస్తే గానీ తేలదు. నా మడిలో ఇప్పుడు పూర్తి కోత నడుస్తోంది కాబట్టి గట్టిగా చెప్తున్నాను: జెర్సీ నైట్ అనే ఈ రకం క్రౌన్లు నిస్సందేహంగా కొనండి, వాటితో వచ్చే సూచనల కాగితాన్ని మాత్రం నమ్మకండి.

ముందు సరుకు సంగతి. ఏడాది వయసున్న క్రౌన్లను తడి పీట్‌లో (చివికిన నాచు పొడిలో) చుట్టి పంపారు. మధ్యలో మొగ్గల గుత్తి, చుట్టూ పురి విప్పిన తాడులా లావుపాటి వేళ్లు. పట్టుకుంటే గట్టిగా, నిండుగా ఉన్నాయి. ఒకటి రెండింటికి కొసలు మెత్తబడితే అంతమేరకు కత్తిరించి నాటాను, అవీ బతికాయి. క్రౌన్ మొత్తం మెత్తబడి వాసన వస్తుంటే మాత్రం నాటొద్దు, తిప్పి పంపేయండి. ఆ కుళ్లుకు కారణం ఫ్యుజేరియం శిలీంధ్రమైతే అది మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

రెండేళ్ల క్రౌన్లు కూడా అమ్ముతున్నారు, కోత తొందరగా వస్తుందని ధర ఎక్కువ పెట్టి. నా ఉద్దేశంలో అది దండగ. ముదురు క్రౌన్‌ని తవ్వి తీసేటప్పుడు వేళ్లు ఎక్కువ తెగుతాయి, కలిసొస్తుందనుకున్న ఏడాది తేరుకోవడానికే సరిపోతుంది. ఏడాది క్రౌన్‌తో విత్తనం కంటే ఒక ఏడాది ముందుంటాం, ఇంటి తోటకి అది చాలు.

రకం విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. జెర్సీ నైట్ అమెరికాలోని రట్గర్స్ యూనివర్సిటీ రూపొందించిన హైబ్రిడ్. ఆస్పరాగస్‌లో ఆడ మొక్కలు, మగ మొక్కలు వేరువేరు. ఆడవి ఎర్రటి కాయలు కాసి, శక్తినంతా గింజల మీద పెట్టేస్తాయి. ఆ గింజలు రాలి మొలిస్తే మడి నిండా కలుపే. జెర్సీ నైట్‌లో దాదాపు అన్నీ మగవే. పక్క మడిలో పాత రకం మేరీ వాషింగ్టన్ ఉంది కాబట్టి తేడా కళ్లకు కనిపిస్తోంది: అక్కడ కాడలు సన్నవీ లావువీ కలగలిసి వస్తాయి, ఇక్కడ ఎక్కువ భాగం వేలంత మందంగా వస్తున్నాయి.

ఇక ఆ కాగితం. నాటిన ఏడాదే కోసుకోవచ్చని అందులో అచ్చేశారు. చదివి నిజంగా కోపం వచ్చింది. మొదటి ఏడాది వచ్చే ప్రతి కాడనీ పెరగనివ్వాలి. అది కొమ్మలేసి, ఈకల్లాంటి పచ్చని పొదగా మారి, ఎండలో తయారుచేసుకున్న ఆహారాన్ని వేళ్లలోకి దించుతుంది. వచ్చే ఏడు కాడలు ఆ నిల్వ మీదే లేస్తాయి. మొదటి ఏడే కోసేస్తే క్రౌన్ నీరసిస్తుంది, చచ్చిపోవచ్చు కూడా, కొన్నవాళ్లు సరుకు మంచిది కాదనుకుంటారు. రెండో ఏడు ఒకటి రెండు వారాలు, మూడో ఏడు నుంచి ఆరు నుంచి ఎనిమిది వారాలు కోయొచ్చు. కాడలు పెన్సిల్ కంటే సన్నబడుతున్నాయంటే గడువు ఉన్నా కత్తి పక్కన పెట్టేయాలి. పచ్చపొదని, అది పసుపుబారి ఎండేదాకా, కోయకూడదని కూడా ఆ కాగితంలో లేదు.

నాటడం గురించీ అందులో ఒక్క వాక్యమే ఉంది కాబట్టి నేను చేసింది చెప్తాను. 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు కాలువ తీసి, అడుగున బాగా చివికిన ఎరువు కలిపి, మధ్యలో చిన్న బోదె ఎత్తి, దాని మీద క్రౌన్ కూర్చోబెట్టి వేళ్లను రెండు వైపులా పరిచాను. క్రౌన్‌కీ క్రౌన్‌కీ మధ్య 45 సెంటీమీటర్లు. మొదట పైన 5 సెంటీమీటర్ల మట్టే. కాడలు లేచేకొద్దీ మిగతా మట్టి లాగుతూ కాలువ పూడ్చాను. నీరు నిలిచే నేల అయితే ఎత్తు మడి కట్టాల్సిందే.

రుచి గురించి ఒక్క మాట: కోసిన కాసేపటికే పచ్చిగా నమిలి చూడండి. కోసినప్పటి నుంచి అందులో చక్కెర తగ్గుతూ పోతుంది, అందుకే కొన్న కాడకి ఆ తీపి ఉండదు.

చలికో, నీటి ఎద్దడికో మొక్క కొన్నాళ్లు నిద్రపోయే వీలు లేని చోట ఈ క్రౌన్ల మీద డబ్బు పెట్టొద్దు, విశ్రాంతి లేక కాడలు సన్నబడిపోతాయి. మిగతా వాళ్లు మనిషికి అయిదు నుంచి పది క్రౌన్ల చొప్పున తెప్పించుకోండి. మడి 15 ఏళ్లు, ఆపైన కూడా అక్కడే ఉంటుంది కనుక ఏటా దున్నే చాళ్ల మధ్య కాకుండా, ఎండ బాగా పడే ఒక అంచున చోటివ్వండి.