గోగునార వడిసెల: లంక చేలో ఏళ్ల తరబడి వాడాక

వడిసెల అంటే ఉండో రాయో పెట్టి తిప్పి విసిరే తాడు. దీంతో వేటాడొచ్చా అని అడుగుతారు, ఆ సంగతి ముందే తేల్చేస్తాను. పరిగెత్తే చిన్న జంతువును వడిసెలతో నిలకడగా కొట్టగలిగినవాడిని మా వైపు నేను చూడలేదు. కొట్టగలిగినా కొట్టకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, కుందేలైనా చిలకైనా కేసే. కానీ కపిలేశ్వరపురం వైపు గోదావరి లంకల్లో మొక్కజొన్న వేసేవాడికి, కంకి పాలు పోసుకునే రోజుల్లో చిలకల్ని లేపడానికి దీన్ని మించింది నాకు దొరకలేదు.

నాది గోగునారతో పేనింది. మడిచి పట్టుకుంటే రెండున్నర అడుగులు. ఒక కొసకు వేలు దూరే ఉచ్చు, రెండో కొసకు ముడి, ముడి దాటాక విప్పి వదిలేసిన జానెడు నారకుచ్చు. మధ్యలో ఉండ కూర్చోవడానికి వెడల్పుగా అల్లిన చోటు. ఉచ్చు వేలికి తొడిగి, ముడిని బొటనవేలితో నొక్కిపట్టి, తలపైన తిప్పి ముడి వదిలేయాలి. ఎన్ని చుట్లు తిప్పితే అంత దూరం పోతుందనేది ఉత్త మాట. దూరం ఆఖరి విసురులోనే ఉంది, ఒకటి రెండు చుట్లు చాలు.

వదలగానే ఆ కుచ్చు కొరడాలా ఛెళ్లుమంటుంది. గుంపు లేచేది చాలావరకు ఆ మోతకే. అందుకే నైలాన్ వడిసెల నాకు నచ్చలేదు. తెగదు, నానదు, నిజమే. కానీ ముడి వేళ్ల మధ్య జారి ముందే వదిలేస్తుంది, మోత కూడా చప్పగా ఉంటుంది. కోనసీమలో ఉండి కొబ్బరి పీచు వాడవేం అని అడుగుతారు. పీచు పోగు పొట్టిది, గరుకు. వేలు ఒరుసుకుపోతుంది, ఉచ్చు దగ్గర తొందరగా చివికిపోతుంది. గోగునారకూ ఒక రోగం ఉంది. మంచుకు తడిస్తే పొడవు మారుతుంది, రెండు తాళ్లకూ సమానంగా మారదు, ఇక గురి ఉండదు. తడిసినదాన్ని చుట్టి మూలన పడేయకుండా పాక చూరుకు వేలాడదీయాలి. కుచ్చు మాత్రం ప్రతి పంటకూ కొత్తది కట్టాల్సిందే.

అసలు తలనొప్పి రాళ్లతో. లంకంతా ఇసుక, ఒండ్రు. వెతికినా రాయి దొరకదు. కొందరు రోడ్డు కంకర తెస్తారు, నేనైతే వద్దంటాను. కోణాల రాయి వంకరగా పోతుంది, ఆపైన చేలోనే ఉండిపోయి ఎవరి కాలికో తగులుతుంది. వరద తీశాక రేవులో మిగిలే బంకమట్టిని పిసికి నిమ్మకాయంత ఉండలు చేసి నీడలో ఆరబెడితే సరిపోతుంది. ఒక్కోటి 50, 60 గ్రాములు తూగుతుంది. నేల తగిలితే పగిలి మళ్లీ మట్టిలో కలుస్తుంది. మొహెంజోదారో తవ్వకాల్లోనూ వడిసెల కోసం చేసిన మట్టి ఉండలు దొరికాయి. అదీ ఒండ్రు నేలే, వాళ్లకీ మా ఇబ్బందే కాబోలు. రోమన్లయితే సీసం పోతపోసి వాడారు, అది యుద్ధానికి. చిలకల మీదికి అంత అక్కర్లేదు.

గురి కావాలంటే క్యాట్‌బాలే నయం, కానీ దాంతో ఒక చెట్టును కాయొచ్చు తప్ప ఎకరాన్ని కాయలేం. ఎలుకలకు రెండూ దండగే. వరి కోతల్లో చివరి మడి మిగిలినప్పుడు అవన్నీ అందులో చేరతాయి. అప్పుడు దుడ్డుకర్రను నేలబారుగా విసిరితే అది తిరుగుతూ పోతుంది కాబట్టి గురి కాస్త అటూఇటూ అయినా తగులుతుంది. తమిళనాడు శివగంగ వైపు వళరి అనే వంపు తిరిగిన విసురుకర్ర పనిచేసేదీ ఇలాగే, అడ్డంగా తిరుగుతూ. అయినా ఎలుకల కోసం బుట్టలు పెట్టేవాళ్లను పిలిస్తేనే పని తెములుతుంది.

మెరుపు రిబ్బన్లకు, స్పీకర్ అరుపులకు చిలకలు తొందరగా అలవాటుపడతాయి. వడిసెలకు అంత తొందరగా పడవు, మనిషి చోటు మారుస్తూ ఉంటాడు కదా. ఇబ్బందల్లా ఆ మనిషి పొద్దున, సాయంత్రం చేలో ఉండాలి. భుజం నొప్పి అదనం.

కొత్తగా పట్టేవాళ్లు ముందు ఇసుకతిన్నె మీద నేర్చుకోండి. మొదట్లో ఉండ ఎటు పోతుందో తెలియదు, వెనక్కీ పోవచ్చు. పక్క చేలో కూలీలున్నా, కరెంటు తీగలున్నా ఉండ పెట్టకుండా ఉత్త వడిసెలే తిప్పి వదలండి. మోత వస్తుంది, సగం పైగా చిలకలు దానికే లేస్తాయి.