అనాహైమ్ కోట, ఫ్లోరిడా కోట

కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో డిస్నీలాండ్ 1955 జూలై 17న తెరుచుకుంది. ఫ్లోరిడాలో డిస్నీ సంస్థదే మరో వినోద పార్కు, మ్యాజిక్ కింగ్‌డమ్, 1971 అక్టోబరు 1న మొదలైంది. అప్పటికి సంస్థ స్థాపకుడు వాల్ట్ డిస్నీ కన్నుమూసి దాదాపు అయిదేళ్లు. రెండింటి నమూనా ఒక్కటే: లోపల అడుగుపెట్టగానే పాతకాలపు అమెరికా బజారు, దాని చివర కోట, కోట ముందు కూడలి నుంచి చీలిపోయే దారులు.

తేడా కొలతల్లో ఉంది. సుమారు 160 ఎకరాల నారింజ తోటలు కొట్టేసి ఏడాదిలో కట్టిన డిస్నీలాండ్‌లో కోట ఎత్తు 77 అడుగులే. పైకి పోయేకొద్దీ రాళ్ల పరిమాణం తగ్గించి, ఎత్తుగా ఉన్నట్టు భ్రమింపజేశారు. ప్రారంభం రోజున ఎండకు కొత్త తారు మెత్తబడి, ఆడవాళ్ల చెప్పుల మడమలు అందులో దిగబడ్డాయి. బయటి ఊరు కనిపించకుండా చుట్టూ మట్టికట్ట పోశారు గానీ, కట్ట అవతల మోటళ్లు పుట్టగొడుగుల్లా లేస్తుంటే ఆపలేకపోయారు.

ఆ అనుభవంతోనే ఫ్లోరిడాలో, వేరే కంపెనీల పేర్లతో గుట్టుగా, సుమారు 27,000 ఎకరాలు కొన్నారు. అక్కడి కోట 189 అడుగులు. నన్ను అబ్బురపరిచేది మాత్రం కోట కాదు, పార్కు అడుగున ఉన్నది. భూమిలో నీరు పైపైనే ఉండటంతో సొరంగాలు తవ్వలేదు. నేలమీదే దారులు కట్టి, పక్కన సరస్సు తవ్విన మట్టితో కప్పి, పైన పార్కు నిలిపారు. సందర్శకులు నడిచేది నిజానికి మేడ మీద. వేషధారులు, సరుకులు, చెత్త అన్నీ కిందనుంచే సాగిపోతాయి.

నిర్మాణ నైపుణ్యానికైతే నా ఓటు ఫ్లోరిడాకే. పిల్లల చేయి పట్టుకుని తిరగడానికి మాత్రం అనాహైమ్ కొలతే సరైనది: ఆ కోట తలుపు దాటడం ఇంటి గడప దాటినంత తేలిక.