తుపాకీ పెట్టుకోవడం సులువు, తీసి దాచడమే పని: టెక్సాస్‌లో కొన్నేళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

డాలస్ శివార్లలో ఉంటూ, గ్రీన్ కార్డు వచ్చాక తుపాకీ వెంట ఉంచుకునే టెక్సాస్ రాష్ట్ర లైసెన్స్ తీసుకొని, సిగ్ సావర్ పీ365 పిస్టల్‌ను, దానికి సరిపోయే కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) హోల్‌స్టర్‌ను, అంటే నడుముకు తగిలించే ఒరను, కారులో బిగించే ఉక్కు పెట్టెను, పెప్పర్ స్ప్రేను, జేబులో పట్టే టార్చిలైటును కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఇలాంటి సామగ్రి మీద వచ్చే సమీక్షలు చాలావరకు గురి, తూటాల సంఖ్య, ట్రిగ్గర్ బిగువు దగ్గరే ఆగిపోతాయి. పిల్లల బడి, ఆఫీసు, గుడి, విమానాశ్రయం మధ్య తిరిగే నాబోటివాడికి మాత్రం, తుపాకీ ఉండకూడని చోటు వచ్చినప్పుడు దాన్ని ఎంత సురక్షితంగా తీసి దాచగలమన్నదే ఏ వస్తువుకైనా అసలు పరీక్షగా నిలిచింది.

పిస్టల్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 2018లో వచ్చిన ఈ నమూనా మ్యాగజైన్‌లో 10 తూటాలు పడతాయి, బరువు దాదాపు అర కిలో, చొక్కా కింద కనిపించదు. పొట్టి పిడి కావడం వల్ల కొత్తవారికి రేంజ్‌లో (కాల్పులు సాధన చేసే చోట) చెయ్యి కుదరడానికి కొంత కాలం పడుతుంది. లైసెన్స్ పరీక్షలో 3, 7, 15 గజాల దూరాల నుంచి 50 తూటాలు కాల్చి, 250కి 175 మార్కులు తెచ్చుకోవాలి. ఇంత చిన్న పిస్టల్‌తో కూడా అది కష్టమేమీ కాదు.

కష్టమంతా గుమ్మాల దగ్గరే. టెక్సాస్‌లో లైసెన్స్ ఉన్నవారిని కూడా దాచుకున్న తుపాకీతో లోపలికి రావద్దని బోర్డు ద్వారా చెప్పాలంటే, రాష్ట్ర శిక్షాస్మృతి సెక్షన్ సంఖ్యతో పిలిచే 30.06 బోర్డు పెట్టాలి. అది ఇంగ్లిషులోనూ స్పానిష్‌లోనూ, కనీసం అంగుళం ఎత్తున్న అక్షరాలతో ఉండాలి. బయటికి కనిపించేలా ధరించడాన్ని 30.07 బోర్డు నిషేధిస్తుంది. సగానికి పైగా రాబడి అక్కడే తాగే మద్యం మీద వచ్చే చోట్ల ఎర్ర అంకెలతో 51 శాతం బోర్డు ఉంటుంది. అక్కడ లైసెన్స్ చెల్లదు. బడి భవనాలకు, కోర్టులకు, విమానాశ్రయంలో తనిఖీ దాటిన ప్రాంతానికి బోర్డుతో పనిలేకుండానే నిషేధం ఉంది. పౌరసత్వ ఇంటర్వ్యూకు వెళ్లే కార్యాలయం ఫెడరల్ భవనం కనుక అక్కడా కుదరదు. పోలింగ్ కేంద్రంలోకి, ముందస్తు ఓటింగు జరిగే రోజుల్లో కూడా, తీసుకెళ్లరాదు. ఎన్నికల ప్రకటన రాగానే లైసెన్స్ తుపాకులను పోలీసు స్టేషన్‌లో అప్పగించే మన ఊళ్ల పద్ధతితో చూస్తే ఇది తేలికైన నిబంధనే. ప్రార్థనా స్థలాల్లో 2019 నుంచి యాజమాన్యం అభ్యంతరం తెలిపితేనే నిషేధం. నేను వెళ్లే గుడి గుమ్మానికి 30.06, 30.07 బోర్డులు రెండూ ఉన్నాయి, ఉండాలనే నా అభిప్రాయం కూడా.

ఇన్ని చోట్ల తీయాల్సి వచ్చినప్పుడు హోల్‌స్టర్ ఎంపికే మారిపోతుంది. నేను మొదట కొన్నది రెండు బెల్టు లూపులతో గట్టిగా బిగిసేది. నడుము మీద చక్కగా నిలిచేది కానీ, కారు సీట్లో కూర్చొని దాన్ని విప్పడం కుదరదు, కాబట్టి పిస్టల్‌ను మాత్రమే బయటికి లాగవలసి వచ్చేది. స్టీరింగు కింద ఇరుకులో, ట్రిగ్గర్‌కు కప్పు లేకుండా, తూటా ఎక్కించిన పిస్టల్‌ను అటూ ఇటూ తిప్పడం కంటే ప్రమాదకరమైన అలవాటు ఇంకొకటి లేదు. ఇప్పుడు వాడుతున్నది ఒకే ఉక్కు క్లిప్పు ఉన్నది. బొటనవేలితో క్లిప్పు అంచును పైకెత్తితే, పిస్టల్ హోల్‌స్టర్‌లో ఉండగానే మొత్తం ఊడి వస్తుంది. అలాగే పెట్టెలో పెట్టి తాళం వేస్తాను. ఆ పెట్టెకున్న ఉక్కు తీగను సీటు కింది చట్రానికి చుట్టి ఉంచాలి, లేకపోతే అద్దం పగలగొట్టిన దొంగ పెట్టెతో సహా పట్టుకుపోతాడు. ఈ పనిని గమ్యం చేరిన తర్వాత పార్కింగులో నలుగురూ చూస్తుండగా కాక, ఇంటి గ్యారేజీలోనే ముగించుకోవడం మేలు. ఉద్యోగి తన కారులో తాళం వేసి తుపాకీ ఉంచుకోవడాన్ని చాలావరకు యజమాని అడ్డుకోకుండా 2011లో చట్టం వచ్చింది కానీ, కారు ఇనప్పెట్టె కాదు. రాత్రంతా అందులో వదిలేయడం దొంగకు ఆయుధం అందించడమే.

దుస్తుల సంగతి ఇక్కడి సమీక్షకులకు తట్టదు. లాల్చీ పైజమాకు బెల్టు ఉండదు. బెల్టు లేనిదే నేను వాడే హోల్‌స్టర్ నిలవదు. వ్రతానికి పిలిచిన ఇంట్లో బాసింపట్టు వేసుకొని కూర్చుంటే బొడ్డు పక్కన పెట్టిన పిస్టల్ పిడి పొట్టలో పొడుస్తుంది, వంగి అక్షతలు అందుకోబోతే చొక్కా పైకి లేస్తుంది. పైగా అది ఇంకొకరి ఇల్లు, చుట్టూ పిల్లలు. అలాంటి పిలుపులకు ఇంట్లోనే భద్రపరిచి వెళతాను.

దాంతో నిత్యం వెంట ఉండేది టార్చిలైటే. ఏ తనిఖీలోనూ దానికి అడ్డు చెప్పినవారు లేరు. చీకటి పార్కింగులో ఎదురుగా వచ్చే మనిషి ముఖం మీద వెలుగు పడితే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి. పెప్పర్ స్ప్రేకు టెక్సాస్‌లో లైసెన్స్ అక్కర్లేదు. గాలి ఎదురుగా వీస్తే మన కళ్లలోనే పడే తుంపర రకం కన్నా, ధారగానో జిగురుగానో వచ్చేది నయం. జూలై ఎండలో కారులో వదిలేస్తే డబ్బా కారిపోవచ్చు, గడువు తేదీ దాటితే ఒత్తిడి తగ్గుతుంది. విమానంలో చేతిసంచిలో నిషిద్ధం. లగేజీలో 118 మిల్లీలీటర్లకు మించని ఒక డబ్బాకు అనుమతి ఉన్నా, చాలా విమాన సంస్థలు దాన్నీ ఒప్పుకోవు.

తామూ తుపాకీ కొనుక్కోవచ్చా అని హెచ్1బీ మీద ఉన్న మిత్రులు నన్ను తరచూ అడుగుతుంటారు. వేట లైసెన్స్ వంటి కొన్ని పరిమిత మినహాయింపులు తప్ప, వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీని గానీ తూటాను గానీ కలిగి ఉండటం ఫెడరల్ నేరం. స్నేహితుడితో సరదాగా రేంజ్‌కు వెళ్లి చేతిలోకి తీసుకోవడం కూడా ఆ పరిధిలోకే వస్తుంది. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్లు నిండిన అర్హులకు లైసెన్స్ అక్కర్లేదన్న మాట నిజమే అయినా, నేను మాత్రం నాది వదులుకోలేదు. బడి చుట్టూ 1,000 అడుగుల లోపు తుపాకీతో తిరగడాన్ని నిషేధించే ఫెడరల్ చట్టం ఆ రాష్ట్రపు లైసెన్స్ ఉన్నవారికి మినహాయింపు ఇస్తుంది. పిల్లల్ని దింపడానికి రోజూ ఆ దారినే వెళ్లే తండ్రికి ఆ 40 డాలర్ల రుసుము దండగ కాదు.

ఇక విమానాలు. 2023లో అమెరికా విమానాశ్రయాల తనిఖీల్లో 6,737 తుపాకులు పట్టుబడితే, వాటిలో 93 శాతం తూటాలు నింపి ఉన్నవే. దేశంలోపల ప్రయాణానికైతే పిస్టల్‌లో తూటాలు తీసేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో ఉంచి, కౌంటర్‌లో చెప్పి లగేజీలో పంపవచ్చు. ఇండియా ప్రయాణంలో తుపాకీ ఎవరూ పెట్టుకోరు; పట్టుబడేది బ్యాగు అడుగున మిగిలిపోయిన ఒక్క తూటా. శంషాబాద్‌లో ఆ ఒక్క తూటా దొరికినా ఆయుధాల చట్టం కింద కేసు పెట్టవచ్చు, తెలియక వచ్చిందని రుజువు చేసుకునే లోపు సెలవులు అయిపోతాయి. అందుకే రేంజ్‌కు ముదురు నారింజ రంగు సంచి ఒకటి వేరుగా కొన్నాను. అది గ్యారేజీలో మేకుకే వేలాడుతుంది, సూట్‌కేసులుండే గదిలోకి రాదు.