రీసెర్చ్ ట్రైనింగ్ ఎవరికియ్యాల: డాక్టర్లకా, ఊరోళ్లకా, ఇద్దరికీ కలిపా?

రక్తహీనత మీదో పిల్లల ఎదుగుదల మీదో స్టడీకని కర్నూలు నుంచి టీమ్ ఆదోని, కోసిగి వైపు బయల్దేరే ముందు ప్రతిసారీ ఇదే పంచాయితీ, ట్రైనింగ్‌కి ఉండే డబ్బులు కొంచెమే, ఎవరి మీద పెడదాం అని. మూడు రకాల్లోనూ కూర్చున్నోణ్ణి కాబట్టి నాకు తోచింది రాస్తున్నా.

మొదటిది అందరికీ అలవాటైందే. పీజీ డాక్టర్లకి, స్టడీ నడిపే ఇన్వెస్టిగేటర్లకి టౌన్లో ఏసీ హాల్లో వర్క్‌షాప్, దానితోపాటు ఆన్‌లైన్లో ఎథిక్స్ సర్టిఫికెట్. చౌక, తొందరగా అయిపోతుంది, స్టడీకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి చూపించడానికి కాయితం కూడా చేతికొస్తుంది. దండగ అని మాత్రం అనను. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే) టీకా స్టడీ జరిగింది కదా, హాస్టల్ పిల్లల తరఫున చాలాచోట్ల వార్డెన్లే సమ్మతి సంతకాలు పెట్టేశారు, 2010లో స్టడీ ఆపేశారు, 2013లో పార్లమెంటరీ కమిటీ గట్టిగానే తప్పుపట్టింది. అంత చదువుకున్నోళ్ల చేతుల్లోనే అట్లయిందంటే సమ్మతి అంటే ఏంటో ముందు నేర్పాల్సింది చదువుకున్నోళ్లకే. ఆ మనిషి భాషలో చెప్పాలి, చదువు రానోళ్లయితే స్టడీతో సంబంధం లేని సాక్షి ఎదురుగా వేలిముద్ర తీసుకోవాలి అని 2017 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) గైడ్‌లైన్స్‌లో ఉంది, ఇంతవరకూ హాల్లో నేర్పొచ్చు.

హాల్లో ఎవరూ చెప్పనిది సుగ్గి, అంటే పనుల కోసం పోయే వలస. ఇక్కడ పంట పనులు అయిపోగానే కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు కుటుంబాలకి కుటుంబాలే మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపు మిరప కోతలకి పోతారు, పిల్లల్ని కూడా తీసుకునే పోతారు. మన టీమ్‌లేమో ఎండలు ముదరకముందే అయిపోవాలని సరిగ్గా జనవరిలో దిగుతాయి, శాంపిల్లో తాళమేసిన ఇల్లు తగిలితే ఫారంలో టిక్ కొట్టి పక్కింటికి పోతారు. అంటే తిండికి అందరికన్నా ఇబ్బంది పడేవాళ్లే లెక్కలో లేకుండా పోయారు. మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల ఆడోళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్ఎఫ్‌హెచ్ఎస్) చెప్పింది, మన స్టడీలో అంతకన్నా తక్కువొచ్చిందని మురిసిపోయే ముందు ఆ తాళాలు ఎవరివో చూసుకోవాలి.

రెండోది ఊరోళ్లకే ట్రైనింగ్. ఆశాలు, పొదుపు సంఘం లీడర్లు, డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉండే పిల్లలు. ఏ ఇంటికి ఏ టైమ్‌కి పోవాలో వీళ్లకి తెలుసు, కన్నడం కలిసిన మాటా అర్థమవుతుంది. వీళ్లవల్ల కాదు అనేవాళ్లకి ఒక సంగతి, జార్ఖండ్, ఒడిశాల్లో ఏక్‌జుట్ సంస్థ స్థానిక ఆడోళ్లతోనే మహిళా గ్రూపుల మీటింగులు నడిపించింది, ఆ గ్రూపులున్న చోట మూడేళ్లలో నవజాత శిశు మరణాలు 32 శాతం తక్కువ, 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కాకపోతే అక్కడ ఏది సమస్యో గ్రూపులే తేల్చుకున్నాయి, మన దగ్గర ప్రశ్నలన్నీ కర్నూల్లో అచ్చయిపోయి వస్తాయి, వీళ్లు ఫారాలు నింపే చౌక కూలీలుగా మిగులుతారు. పైగా కడుపు పోయిన సంగతి పక్కింటి ఆశాకి ఎవరు చెప్తారండీ?

మూడోది ఇద్దర్నీ ఊళ్లోనే కూర్చోబెట్టడం. ఒక ఊరి బడి ఆవరణలో ముగ్గుపిండితో ఊరి మ్యాప్ గీయించారు, సుగ్గికి పోయే ప్రతి ఇంటి మీదా ఒక ఎండుమిరపకాయ పెట్టమన్నారు. ఎస్సీ కాలనీ వైపంతా ఎర్రగా అయిపోయింది. ఒకామె అడిగేసింది, "జనవరిలో వస్తే ఎవురుంటారు సార్, ముసిలోళ్లు తప్ప? ఉగాదికి రాండి" అని. పీజీ డాక్టరమ్మ అక్కడే తేదీలు మార్చుకుంది, కోతల కాడ ఏం తింటారు అనే ప్రశ్న కూడా చేర్చుకుంది. లీడరు చెప్పిన ఇళ్లే ఎందుకు రాసుకోకూడదు అని ఊరోళ్లు అడిగితే, చెంబులో చీటీలేసి వాళ్లతోనే తీయించారు, వచ్చిన ఇళ్లనీ లీడరు చెప్పిన ఇళ్లనీ పక్కపక్కన పెట్టేసరికి తేడా తెలిసిపోయి ఎవరూ మళ్లీ అడగలా.

ఇందులోనూ తలనొప్పులున్నాయి. సార్లు ఎదురుగా కూర్చుంటే మొదటి గంట ఆడోళ్లు నోరు విప్పరు, అందుకే ఒక పూట ముందే వాళ్లతో విడిగా కూర్చోవాలి. ఆరోజు కూలి పోతుంది, అది ఇవ్వకుండా టీ బిస్కెట్లతో సరిపెడితే రెండోరోజు పొదుపు సంఘాల పని చూసే యానిమేటరూ, మీటింగ్‌లంటే ఎప్పుడూ వచ్చే ఆ నలుగురూ తప్ప ఎవరూ రారు.

నా ఓటు మూడోదానికే, అదీ ప్రశ్నలు ఖాయం కాకముందు పెడితేనే. అచ్చేసిన ఫారాలు పట్టుకుని ఊళ్లో కలిపి కూర్చోబెట్టడం ఫొటోలకి తప్ప దేనికీ పనికిరాదు, దానికన్నా ఆ డబ్బుతో మొదటిదే ఒళ్లు దగ్గరపెట్టుకుని చేయడం నయం. ప్రశ్నలన్నీ ముందే చూపించమని ఎథిక్స్ కమిటీ అడుగుతుంది కదా అంటారేమో, డ్రాఫ్ట్ ప్రశ్నలతోనే అప్లికేషన్ పెట్టండి, ఊరి మీటింగ్ తర్వాత మార్పులు సవరణగా పంపి, అనుమతి వచ్చాకే సర్వే మొదలుపెడతామని అందులోనే రాసేయండి.