నల్లమల అంచున టెంటు బస: అన్నీ వదిలేసి అడవికి పోదామనుకునేవాళ్లు చదవండి

కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా పోయి ఆత్మకూరు దాటితే నల్లమల అంచు తగులుతుంది. అక్కడ ఉన్న ఒక ప్రైవేటు టెంటు క్యాంపు గురించి రాస్తున్నాను. ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి పేరు పెట్టడం లేదు, యజమానికి అవన్నీ నేరుగానే చెప్పాను. అయిదుకి మూడున్నర ఇస్తా, అందులో మూడు మాత్రం పొద్దున్నే మమ్మల్ని నడిపించిన చెంచు పెద్దాయనవే.

'ఈఎంఐలు, ఆఫీసు టెన్షన్ అన్నీ వదిలేసి అడవిలో స్వేచ్ఛగా బతకండి' అని వీళ్ల ప్రచారం. ఆ మాట చూసే పోయాను. సొంతిల్లుంది, నెల తిరిగేసరికి జీతం పడుతుంది, ఏ లోటూ లేదు, అయినా ఇవన్నీ వదిలేసి ఎక్కడికైనా పోయి ఉండాలని చాలాకాలంగా మనసు పీకుతోంది. ఇదేం కొత్తగా పుట్టిన పిచ్చి కాదు. 12వ శతాబ్దంలో కన్నడ శివభక్తురాలు అక్కమహాదేవి కౌశికరాజు అంతఃపురం వద్దనుకుని, కల్యాణ పట్టణం (ఇప్పటి బసవకల్యాణ్) మీదుగా శ్రీశైలం చేరి కదళీవనంలో ఉండిపోయింది ఈ కొండల్లోనే. ఇప్పటికీ శివరాత్రి వస్తే వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దారిన శ్రీశైలానికి జనం కాలినడకన పోతూనే ఉన్నారు.

టెంట్లు శుభ్రంగా ఉన్నాయి, మంచాలు, దోమతెరలు, పక్కనే బాత్రూమ్. తిండికి వంక పెట్టలేం. రాత్రి జొన్నరొట్టె, ఊరుబిండి, నాటుకోడి పులుసు, పొద్దున ఉగ్గాని బజ్జీ. కానీ రాత్రి పక్క టెంట్లవాళ్లు సౌండ్ బాక్సులు పెడితే ఎవరూ ఆపలేదు, చుట్టూ ఫ్లడ్ లైట్లు తెల్లవార్లూ వెలుగుతూనే ఉన్నాయి. అడవి పక్కన చీకటి లేకుండా చేస్తే ఇంత దూరం ఎందుకు రావాలి? జంతువులకు కూడా ఇది మంచిది కాదు.

ఇక నడక. తెల్లారకముందే లేపుతారు, అనుమతి ఉన్నంత మేర అడవి సరిహద్దు వెంట తీసుకుపోతారు. పెద్దాయన తక్కువ మాట్లాడతాడు. నల్లమద్ది చెట్టు దగ్గర ఆగి నా చెయ్యి పట్టుకుని బెరడు మీద పెట్టాడు, మొసలి వీపులాగా పలకలు పలకలుగా పగిలి ఉంది, ఆ పగుళ్లలో చీమలు బారులు తీరి ఎక్కుతున్నాయి. తెల్లటి మాను చూపించి తపసి అన్నాడు, దాని బంక తీసి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారట. తేనె గురించి చెప్పింది మాత్రం ఇంకా నా తలలో తిరుగుతోంది. కొండచరియ మీద నుంచి తాడు కట్టుకుని దిగి పట్టు కోసేటప్పుడు, పైన తాడు దగ్గర బావమరిదే ఉంటాడు. అక్క కాపురం తన చేతిలో ఉంది కాబట్టి ప్రాణం పోయినా వదలడని వాళ్ల నమ్మకం. నేను ఒక్కణ్ణే లోపలికి పోయి కొన్నాళ్లు ఉండాలని ఉంది తాతా అంటే, ఆయన నవ్వకుండా "ఒక్కడివే యాడికి పోతావు సారూ, నీళ్లు యాడున్నాయో నీకేం ఎరుక?" అని అడిగాడు. ఎండాకాలం ఇక్కడ వాగులు ఎండిపోతాయి, ఏ చెలమలో నీళ్లు నిలుస్తాయో ఆయనకు తెలుసు. అది తెలిసినవాడు అడవిలో ఎటైనా తిరగగలడు. నేను కోరుకున్న స్వేచ్ఛ ఆయన దగ్గర ఉంది, చిన్నప్పటి నుంచీ తన మనుషుల వెంట తిరిగి నేర్చుకున్నది.

క్యాంపువాళ్లు నెల రోజుల 'అడవి జీవనం' ప్యాకేజీ కూడా అమ్ముతున్నారు. నచ్చితే ఆ తర్వాత లోపల గుడిసె వేసుకోవచ్చని కౌంటర్లో కుర్రాడు చెప్పాడు. దయచేసి నమ్మకండి. నల్లమలలో చాలా భాగం 1983 నుంచి పులుల్ని కాపాడే ప్రాజెక్ట్ టైగర్ కింద ఉంది, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అడుగుపెట్టాలన్నా అనుమతి కావాలి. 2006 అటవీ హక్కుల చట్టం కూడా 2005 డిసెంబర్ 13కి ముందు నుంచే అడవిలో ఉంటున్న గిరిజనులకూ, మూడు తరాలుగా అడవినే నమ్ముకున్న ఇతరులకూ హక్కులిచ్చింది గానీ, కర్నూలులో జీతం మానేసి వచ్చే మనకు కాదు. ఈ మాట విని ఎవరైనా రాజీనామా పెట్టేస్తే వాళ్ల ఇల్లు ఏమైపోవాలి?

మనిషికి రాత్రికి 2,000 రూపాయలు, తిండితో కలిపి. వారాంతాల్లో వద్దు, మామూలు రోజుల్లో పోండి, గోల ఉండదు. షూస్, టార్చ్ తీసుకుపోండి, ప్లాస్టిక్ వద్దు. నడక లేకుండా బస ఒక్కటే తీసుకోకండి. యజమానికి ఒక్క విన్నపం: గైడు కూలి బిల్లులో విడిగా చూపించండి. మేం కట్టిన దాంట్లో ఆ పెద్దాయనకు ఎంత పోయిందని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు.