మీటరు కాపలా మానేసి మళ్లీ సంగీతం విన్నాను: జూమ్ ఎఫ్6 రికార్డర్ గురించి

పదిహేనేళ్లు ఒక తీగవాద్యాల బృందంలో రెండో వయొలిన్ వాయించాను. ఇప్పుడు అలాంటి బృందాలనే రికార్డ్ చేస్తున్నాను. మా రికార్డింగులు విన్నప్పుడల్లా "మనం ఇలా వాయించలేదే" అనిపించేది. పైన మొదటి వయొలిన్, కింద చెల్లో, మధ్యలో ఖాళీ. రెండో వయొలిన్, వయోలా ఉన్నాయో లేవో తెలిసేది కాదు. ఆ మధ్యలో కూర్చుని వాయించే మనిషిని కాబట్టి ఆ ఖాళీ నాకు మిగతావాళ్లకంటే ఎక్కువ గుచ్చుకునేది. చివరికి ఒకరోజు రెండు మైకులు, ఒక పాత రికార్డర్ అరువు తెచ్చుకుని నేనే మొదలుపెట్టాను.

ఆ పాత రికార్డర్ రోజుల్లో జరిగిన ఒక సంగతి చెప్పకపోతే, ఎఫ్6 నాకెందుకు ఇంత నచ్చిందో అర్థం కాదు.

సౌండ్ చెక్‌లో ఎవరూ పూర్తిగా వాయించరు. ఇది వాద్యం పట్టినవాళ్లందరికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ రోజు సౌండ్ చెక్ చూసే గెయిన్ (మైకు శబ్దాన్ని రికార్డర్ ఎంత పెంచాలన్న కొలత) పెట్టాను, పైన కాస్త ఖాళీ వదిలి. అసలు టేక్ మొదలయ్యాక ఒక్కొక్కరూ వేడెక్కారు. క్లారినెట్ వాయించే కుర్రాడి సోలో పైకెళ్లి బృందమంతా కలిసే చోట శబ్ద స్థాయి చూపే మీటర్లు ఎర్రబడ్డాయి. చెయ్యి నాబ్ మీదకి వెళ్లేలోపే ఆ మూడు బార్ల (స్కోరులో నిలువు గీతల మధ్య గదుల) సంగీతం చిట్లిపోయింది. టేక్ అవగానే వాడు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, అది వచ్చింది కదా?" అన్నాడు. తను అంత బాగా వాయించడం అదే మొదటిసారని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. రాలేదని చెప్పాను. తర్వాత ఇంకో నాలుగుసార్లు వాయించాడు. అన్నీ బాగానే వచ్చాయి, అది మాత్రం మళ్లీ రాలేదు.

అప్పటినుంచి నాకు గెయిన్ అంటే భయం పట్టుకుంది. టేక్ మొదలైతే చాలు, కళ్లు మీటర్లకి అతుక్కుపోయేవి. ఒకసారి బృందం నాయకురాలు "రెండో భాగం వేగం ఎలా ఉందమ్మా, కాస్త లాగుతున్నామా?" అని అడిగారు. ఏం చెప్పాలో తోచలేదు. ఆ ఏడు నిమిషాలూ నేను సంగీతం వినలేదు, దానికి కాపలా కాశాను. సంగీతం తెలిసిన మనిషి కావాలని నన్ను పిలిచారు. తీరా చూస్తే నా చెవి మీటరుకి తాకట్టు పెట్టి ఉంది.

ఎఫ్6 కొన్నది ఆ తర్వాతే. 2019లో వచ్చిన ఫీల్డ్ రికార్డర్ ఇది. ఆరు ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల మైకు ప్లగ్) ఇన్‌పుట్లు, అన్నిటికీ 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు తీగలోంచే మైకుకి వెళ్లే కరెంటు), బరువు 520 గ్రాములు. రెండు చేతుల్లో ఇమిడిపోతుంది. సినిమా షూటింగుల్లో సౌండ్ చేసేవాళ్లని దృష్టిలో పెట్టుకుని చేసిన యంత్రం కాబట్టి ఇందులో టైమ్‌కోడ్ (కెమెరాతో శబ్దాన్ని జతపరిచే గడియారం) లాంటివీ ఉన్నాయి. వాటితో నాకు పని పడలేదు. నాకు పనికొచ్చింది 32 బిట్ ఫ్లోట్ అనే రికార్డింగ్ పద్ధతి.

మామూలుగా వాడే 24 బిట్ ఫైలుకి ఒక పైకప్పు ఉంటుంది. శబ్దం దాన్ని తాకితే తరంగం తల తెగిపోతుంది. తర్వాత వాల్యూమ్ ఎంత తగ్గించినా తెగిన తల తిరిగి రాదు. ఎఫ్6లో ఒక్కో ఇన్‌పుట్‌కి శబ్దాన్ని అంకెలుగా మార్చే కన్వర్టర్లు రెండు ఉంటాయి. ఒకటి చిన్న శబ్దాలని పట్టుకుంటే రెండోది పెద్ద శబ్దాలని పట్టుకుంటుంది. యంత్రం ఆ రెండింటినీ కలిపి, పైకప్పు దాదాపు లేనట్టే ఉండే ఫైలుగా రాస్తుంది. స్క్రీన్ మీద ఎర్రగా కనిపించిన చోటు కూడా, ఎడిట్‌లో స్థాయి దించితే నిండు తరంగంగా బయటికొస్తుంది. మొదటిసారి కావాలనే స్థాయి బాగా పెంచేసి, నా వయొలిన్ మీద గట్టి బౌ (కమాను) వేసి రికార్డ్ చేసుకున్నాను. కంప్యూటర్లో అది ఒక దిమ్మలా కనిపించింది. 18 డెసిబెల్స్ దించాను. బౌ తీగని పట్టుకునే మొదటి గరుకు దగ్గర్నుంచి అంతా ఉంది. అప్పుడు ఆ క్లారినెట్ కుర్రాడే గుర్తొచ్చాడు.

అయితే ఒక మాట. ఫ్లోట్ కాపాడేది రికార్డర్ దగ్గర్నుంచే. మైకు లోపలే శబ్దం చిట్లిపోతే దాన్ని ఏ ఫైలూ బాగుచెయ్యదు. డ్రమ్ముకి దగ్గరగా కండెన్సర్ మైకు (కరెంటు కావాల్సిన సున్నితమైన రకం) పెట్టాలంటే ఆ మైకు ఎంత శబ్దం తట్టుకుంటుందో ముందే చూసుకోవాలి, స్థాయి తగ్గించే ప్యాడ్ అనే మీట ఉంటే వెయ్యాలి. హాల్లో ఫ్యాన్ మోత, కుర్చీ కిర్రు కూడా అంతే శుభ్రంగా రికార్డ్ అవుతాయి. గెయిన్ టెన్షన్ పోయింది కదా అని మైకు ఎక్కడో అక్కడ నిలబెట్టేవాళ్లని చూశాను. గెయిన్ సరిచేసుకోవడానికి ఇంటికెళ్లాక కూడా టైముంటుంది. మైకు చోటు అప్పుడే అక్కడే తేలాలి.

మైకు చోటు దగ్గర, వాయించేవాళ్లం ఇంజనీర్లయితే ఒక ప్రమాదం ఉంది. నేనూ అందులో పడ్డాను. వయొలిన్ గడ్డం కింద ఉంటుంది, ఎడమ చెవికి జానెడు దూరంలో. వయొలిన్ శబ్దం అంటే నాకు ఆ శబ్దమే. బౌకి రాసే రోజిన్ (గుగ్గిలం) గరగర, వేలు తీగ మీద జారే చప్పుడు, అన్నీ కలిసినది. అందుకే మొదట్లో మైకులు బాగా దగ్గరగా పెట్టేదాన్ని. విన్నవాళ్లు "గీరినట్టుంది" అనేవాళ్లు. నాకేమో అదే నిజంలా ఉండేది! నేను ఇన్నేళ్లు విన్న శబ్దం ఎదురుగా కూర్చునేవాళ్లు ఒక్కరూ ఎప్పుడూ వినలేదని అర్థం కావడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు మైకు పెట్టేముందు హాలంతా తిరుగుతాను. ఒక చెవి మూసుకుని, బృందం ఒక ముద్దలా కలిసి వినిపిస్తూనే ఎవరి గీత వాళ్లది తెలిసే చోటు వెతుకుతాను. స్టాండు అక్కడ పెడతాను.

నేను ఎక్కువగా వాడేది ఓఆర్‌టీఎఫ్ జత. రెండు కార్డియాయిడ్ (ముఖ్యంగా ఎదుటి శబ్దాన్నే పట్టే) మైకులు, మధ్య దూరం 17 సెంటీమీటర్లు, కోణం 110 డిగ్రీలు. ఫ్రెంచ్ రేడియోవాళ్లు తీసుకొచ్చిన పద్ధతి. మనిషి చెవుల మధ్య దూరానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి హెడ్‌ఫోన్స్‌లోనూ స్పీకర్లలోనూ సహజంగా వినిపిస్తుంది. ఆరు ఇన్‌పుట్లలో రెండు ఆ జతకి, రెండు పక్కల దూరంగా పెట్టే ఓమ్నీలకి (అన్ని వైపులా వినే మైకులకి), మిగిలిన రెండు ఫ్లూట్‌కి, డబుల్ బాస్‌కి. చిన్న బృందానికి ఇంతకంటే అవసరం రాలేదు. ఫ్లూట్ మైకు జతకంటే నాలుగు మీటర్లు ముందుంటే ఆ శబ్దం సుమారు 12 మిల్లీసెకన్లు ముందే వచ్చేస్తుంది. ఎడిట్‌లో అంత ఆలస్యం కలపకపోతే ఫ్లూట్ మనిషి కుర్చీ ముందుకి లాక్కుని కూర్చున్నట్టు వినిపిస్తుంది. బృందంలో కూర్చున్నవాళ్లకి ఇది వెంటనే తెలిసిపోతుంది.

ఈమధ్య ఒక క్వార్టెట్ రికార్డింగ్‌లో మొదటి టేక్ విన్నప్పుడు నా పాత జబ్బే కనిపించింది. మధ్య గొంతులు లేవు. హెడ్‌ఫోన్స్ తీసేసి వెళ్లి స్టాండుని ఒక అడుగు వెనక్కి, నాలుగు వేళ్ల ఎత్తు పైకి జరిపాను. రెండో టేక్‌లో వయోలా బౌ మారుస్తుంటే వినిపించింది. రెండో వయొలిన్ ఆయన ఆ గీతని ఎంత శ్రద్ధగా మోస్తున్నారో వినిపించింది. ఆయన తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఉన్నానమ్మా, నేనూ ఉన్నాను" అన్నారు.

ఆ రోజు టేక్‌లు జరుగుతున్నంతసేపూ నేను ఎఫ్6 వైపు చూసింది రెండే విషయాలకి. రికార్డ్ అవుతోందా, బ్యాటరీ ఉందా. మిగతా టైమంతా నా ముందు స్కోరు (రాసిపెట్టిన సంగీతం), చేతిలో పెన్సిలు. ఏ బార్లో ఏ టేక్ బాగుందో అక్కడే రాసుకున్నాను. నెమ్మది భాగం చివర చెల్లో ఆవిడ బౌ ఎత్తాక హాల్లో ధ్వని ఇంకా రెండు సెకన్లు బతికే ఉంది. ఆ రెండు సెకన్లలో ఎవరో పేజీ తిప్పారు. మీటరుకి అది అసలు కనబడదు. చివరి నాలుగు బార్లే మళ్లీ కావాలి, కానీ పన్నెండు బార్లు వెనకనుంచి మొదలుపెట్టమన్నాను. రెండు టేక్‌లని కలిపి అతుకు వేసే చోటికి వచ్చేసరికి హాలు ముందులాగే మోగుతుండాలి, చేతులు ఆ వేడిలోనే ఉండాలి. అతుకు కూడా కొత్త బౌ మొదలయ్యే చోట పడాలి, సాగుతున్న స్వరం మధ్యలో కాదు. ఇవేవీ నేను మాన్యువల్లో నేర్చుకోలేదు. కుర్చీలో కూర్చుని వాయించిన పదిహేనేళ్లలో వచ్చాయి.

సంగీతం తెలిసినవాళ్లే ఈ పని నేర్చుకోవాలన్నది పాత ఆలోచనే. సంగీత రచయిత షోన్‌బర్గ్ 1946లో షికాగో విశ్వవిద్యాలయం చాన్సలర్‌కి రాసిన ఉత్తరంలో, స్కోరు చదవగలిగి చెవి ఉన్న సౌండ్ మనుషుల్ని తయారుచేయాలని కోరాడు. 1949లో జర్మనీలోని డెట్‌మోల్డ్‌లో ఎరిక్ టీన్‌హౌస్ మొదలుపెట్టిన టోన్‌మైస్టర్ (సంగీతం తెలిసిన సౌండ్ ఇంజనీర్) చదువులో వాద్యం, భౌతికశాస్త్రం పక్కపక్కనే నడుస్తాయి. టెలార్క్ అనే రికార్డు కంపెనీని 1977లో స్థాపించిన ఇద్దరిలో ఒకరైన జాక్ రెన్నర్ ట్రంపెట్ వాయించేవాడు. పెద్ద ఆర్కెస్ట్రాని మూడే ఓమ్నీ మైకులతో రికార్డ్ చేసి పేరు తెచ్చుకున్నాడు. బ్యాలెన్స్ వాద్యకారుల చేతుల్లోనే కుదిరిందని వినగలిగితే తప్ప మూడు మైకులతో అంత ధైర్యం చెయ్యలేం.

మళ్లీ రికార్డర్ దగ్గరికొస్తే, కొనేముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. దీనికి సొంత మైకులు ఉండవు. ఇన్‌పుట్లన్నీ ఎక్స్ఎల్ఆరే, లావుపాటి గిటార్ జాక్ నేరుగా దూరదు. నాబ్‌లు చిన్నవి, దగ్గరదగ్గరగా ఉంటాయి. టేక్ మధ్యలో వాటిని ముట్టుకునే పని లేకపోవడంతో నాకు ఇబ్బంది అనిపించలేదు. టేక్ నడుస్తుండగానే చేత్తో మిక్స్ చేసే అలవాటున్నవాళ్లకి పెద్ద మిక్సరే సుఖం. ఫోన్ యాప్‌తో దూరం నుంచి నడపాలంటే బ్లూటూత్ అడాప్టర్ విడిగా కొనుక్కోవాలి. ఎస్‌డీ కార్డు పట్టేది ఒక్కటే. అందుకే ప్రతి విరామంలో ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేశాకే లేస్తాను. ఆరు ట్రాకులు 48 కిలోహెర్ట్జ్‌లో, 32 బిట్ ఫ్లోట్‌లో రాస్తే గంటకి 4 జీబీ పైనే అవుతుంది, కార్డు ఆ లెక్కన కొనుక్కోండి.

కరెంటు విషయంలో మాత్రం నాకు చాలా నచ్చింది. నాలుగు ఏఏ సెల్స్‌తోనో, సోనీ ఎల్ సిరీస్ బ్యాటరీతోనో, యూఎస్‌బీ-సీతోనో నడుస్తుంది. ఆరు కండెన్సర్లకి ఫాంటమ్ ఇస్తే ఏఏ సెల్స్ త్వరగా అయిపోతాయి, వాటిని అత్యవసరానికి మాత్రమే లోపల ఉంచుతాను. పెద్ద బ్యాటరీతో నడిపితే గోడ ప్లగ్గుతో సంబంధమే ఉండదు. లైట్ల వైరింగ్ నుంచి వచ్చే ఆ సన్నని గుంయ్‌మనే మోత నా రికార్డింగుల్లోంచి దాంతోనే పోయింది.

వాయించే చేత్తోనే రికార్డింగ్ మొదలుపెట్టాలనుకునేవాళ్లకి, రెండు నుంచి పది మంది బృందాలకి, దీన్ని నిస్సందేహంగా కొనమంటాను. ఇరవై మైకులు కావాల్సిన పనికి ఇది కాదు. ఒకవేళ మీ దగ్గర ఇంకా ఎత్తైన, గట్టి స్టాండు లేకపోతే ముందు దాని సంగతి చూడండి. మూడు మీటర్ల ఎత్తుకి లేచి, కదలకుండా నిలబడేది, కాళ్ల మీద ఇసుక సంచి వేసుకునే వీలున్నది. నా క్వార్టెట్ టేక్‌లో రెండో వయొలిన్ ఆయన దొరికింది ఆ నాలుగు వేళ్ల ఎత్తులోనే.